మా ఇంటి వేపచెట్టు కొట్టించుకోవచ్చా?

ప్రశ్న: హనుమకొండలో మా వాకిట్లో వేపచెట్టు ఉంది, వేర్లు తన్ని ప్రహరీ గోడ పగిలింది. మా జాగలోదే కదా, కొట్టించుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: లేదమ్మా, సొంత జాగలో ఉన్నా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాల్సిందే. గోడ పగులు, చెట్టు మొదలు రెండూ కనిపించేలా ఫొటోలు తీసి, ఇంటి కాగితాలతో అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి. రంపం మిషన్ తెచ్చేవాళ్లు 'ఏం కాదు, ఆదివారం పొద్దున్నే లేపేస్తాం' అంటారు, వినకండి, రేపు జరిమానా కట్టాల్సింది మీరే. అయినా నన్నడిగితే ముందు గోడ సంగతి చూడండి, పగిలిన చోట పునాది తీసి వేరు మీదుగా చిన్న బీమ్ వేయిస్తే రెండూ నిలుస్తాయి. మే నెల ఎండలో ఆ నీడ మళ్లీ ఎక్కడ దొరుకుతుందమ్మా?