ముందు పిల్లరు ఎక్కడుందో రాయి

పర్లాకిమిడి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. యాక్సియల్ (నట్టనడుమ సూటిగా పడే), బైయాక్సియల్ (రెండు దిశల్లోనూ వంచే) లోడుల సంగతి రాడ్డు మేస్త్రికీ, సొంతంగా ఇల్లు కట్టించుకునే మనిషికీ తెలుగులో చెప్పాలన్న నీ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. మన సరిహద్దు ఊళ్లలో డ్రాయింగు ఇంగ్లీషులో వస్తుంది, కాంట్రాక్టరు ఒడియాలో చెబుతాడు, రాడ్లు కట్టే మేస్త్రి తెలుగులో అడుగుతాడు. మూడు నోళ్లు మారేసరికి పిల్లరు రాడ్ల చుట్టూ కట్టే రింగుల దూరం కూడా మారిపోతుంది. అందుకే నీ వ్యాసం బాగుపడాలని మనసారా కోరుకుంటూ, దిద్దాల్సినవి దాచకుండా రాస్తున్నాను.

మొదటి పేరాలోని నిర్వచనాలు తీసెయ్యి. "లోడు అక్షం వెంబడి పడితే యాక్సియల్" అని చెప్పినంత మాత్రాన చదివేవాడికి తన ఇంట్లో ఏ పిల్లరు అలాంటిదో తెలియదు. ఇంటి ప్లానుతో మొదలుపెట్టు. నడిమి పిల్లరుకు నాలుగు వైపులా బీములుంటాయి. స్పానులు సమానంగా, లోడు సమానంగా ఉంటే ఎదురెదురు బీముల వంపు ఒకదాన్నొకటి కొట్టేస్తుంది, పిల్లరు మీద దాదాపు నిలువు బరువే మిగులుతుంది. అంచు పిల్లరుకు ఒక దిశలో ఎదురు బీము ఉండదు, కాబట్టి అది ఆ దిశలో వంగాలని చూస్తుంది. మూల పిల్లరుకు రెండు దిశల్లోనూ ఎదురు లేదు. బైయాక్సియల్ అంటే ఏమిటో ఆ మూల పిల్లరు చూపిస్తుంది. అది చూశాక నిర్వచనం పాఠకుడే చెప్పగలడు.

ఆ వెంటనే ఒక లెక్క పెట్టు. ఒక్కటి చాలు, కానీ చివరిదాకా చెయ్యి. 300 × 300 మి.మీ. పిల్లరు, ఎం25 కాంక్రీటు (క్యూబు బలం 25 మెగాపాస్కల్), మీద 600 కిలోన్యూటన్ల (సుమారు 60 టన్నుల) బరువు అనుకో. బరువు నట్టనడుమ పడితే ఒత్తిడి అంతటా 6.67 మెగాపాస్కల్, అంటే చదరపు మి.మీ.కి 6.67 న్యూటన్లు. ఎం25కి స్థితిస్థాపక గుణకం (నొక్కితే ఎంత బిగువుగా నిలుస్తుందో చెప్పే అంకె) 25,000 మెగాపాస్కల్ కాబట్టి 3 మీటర్ల పిల్లరు 0.8 మి.మీ. కురచబడుతుంది. 28 రోజుల వయసులో లోడు ఎక్కిస్తే మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ఇచ్చే క్రీప్ (బరువు కింద ఏళ్ల తరబడి మెల్లగా కురచబడడం) గుణకం 1.6. అంటే ఏళ్లు గడిచేసరికి ఆ కురచ 2 మి.మీ. దాటుతుంది. పై అంతస్తుల గోడల్లో కనబడే కొన్ని సన్నని పగుళ్లకు ఇదొక కారణమని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగు.

ఇప్పుడు అదే బరువును ఒక దిశలో 40 మి.మీ. పక్కకు జరుపు. ఒక అంచున ఒత్తిడి 12 మెగాపాస్కల్ అవుతుంది, ఎదుటి అంచున 1.33కి పడిపోతుంది. అయినా పిల్లరు మొత్తం నొక్కుడులోనే ఉంది. రెండో దిశలో కూడా 40 మి.మీ. జరుపు. ఒక మూల 17.3కి చేరుతుంది, దానికి ఎదురు మూల 4 మెగాపాస్కల్ లాగుడులోకి వెళ్తుంది. ఎం25 కాంక్రీటు వంపులో తట్టుకునే లాగుడు 0.7 ఇంటూ 25 వర్గమూలం, అంటే 3.5. కాబట్టి ఆ మూల పగులుతుంది. పగిలాక ఈ సూత్రం చెల్లదు, లాగుడు రాడ్డు మోస్తుంది, నొక్కుడు మూల మీద భారం 17.3 కన్నా పెరుగుతుంది. సూత్రం ఎక్కడ చెల్లకుండా పోతుందో చెప్పే ఈ వాక్యం నీ వ్యాసంలో లేదు. తప్పక రాయి.

హద్దు కూడా చెప్పు. ఒకే దిశలో అయితే బరువు 50 మి.మీ. దాకా, అంటే వెడల్పులో ఆరో వంతు దాకా జరిగినా లాగుడు రాదు. రెండు దిశల్లో జరిగితే ఆ రెండు దూరాల మొత్తమే 50 దాటకూడదు. 25, 25 దగ్గరే సరిహద్దు వచ్చేస్తుంది.

నీ వ్యాసంలో నన్ను బాగా కలవరపెట్టినది ఒకటుంది. యాక్సియల్ లోడు అని శీర్షిక పెట్టి, 0.4 ఇంటూ కాంక్రీటు గ్రేడు ఇంటూ వైశాల్యం, 0.67 ఇంటూ స్టీలు బలం ఇంటూ రాడ్ల వైశాల్యం, ఈ రెండూ కలిపితే పిల్లరు బలం అని రాసి వదిలేశావు. సూత్రం ఐఎస్ 456: 2000లోదే. కానీ దానికి ముందు ఒక షరతు ఉంది. కనీస ఎక్సెంట్రిసిటీ, అంటే బరువు నడుమ నుంచి కనీసం ఇంత జరుగుతుందని లెక్కలో పట్టుకోవాల్సిన దూరం, పిల్లరు వెడల్పులో 5 శాతం మించకూడదు. ఆ కనీసం ఎంతంటే, ఎత్తును 500తో, వెడల్పును 30తో భాగించి కలిపినంత, లేదా 20 మి.మీ., ఏది ఎక్కువైతే అది. మన 300 పిల్లరుకు 6, 10 కలిపి 16, కాబట్టి 20 తీసుకోవాలి. 300లో 5 శాతం 15 మాత్రమే. అంటే ఆ సూత్రం ఈ పిల్లరుకు వాడకూడదు. 400 మి.మీ. పిల్లరుకైతే సరిగ్గా సరిపోతుంది. మన ఊళ్లలో ఎక్కువగా వేసే 230 మి.మీ. పిల్లరుకు అసలే పనికిరాదు. నువ్వు షరతు వదిలేసిన సూత్రాన్ని నమ్మి ఎవరో 9 అంగుళాల పిల్లరు మీద మూడో అంతస్తు లేపితే ఆ బరువు నీ మీద కూడా ఉంటుంది.

బైయాక్సియల్ వంపుకి కోడ్‌లో ఉన్న లెక్క ఇలా చెప్పు. ఒక్కో దిశలో వచ్చే మొమెంటును (వంచే ప్రభావాన్ని), అదే నిలువు లోడు ఉండగా ఆ దిశలో పిల్లరు తట్టుకోగల మొమెంటుతో భాగించు. వచ్చిన రెండు భిన్నాలకూ ఒక ఘాతం వేసి కలుపు. మొత్తం 1 దాటకూడదు. ఘాతం ఎంతన్నది నిలువు లోడును బట్టి ఉంటుంది. లోడు నిష్పత్తి, అంటే నిలువు లోడును మొమెంటు లేనప్పటి పిల్లరు పూర్తి బలంతో భాగించినది, 0.2 లోపు ఉంటే ఘాతం 1, 0.8 దాటితే 2, నడుమ సరళరేఖలో పెరుగుతుంది.

మన పిల్లరులో నాలుగు 16 మి.మీ. ఎఫ్ఈ 500 (500 మెగాపాస్కల్ బలమున్న స్టీలు) రాడ్లు ఉన్నాయనుకో, వైశాల్యం 804 చదరపు మి.మీ. మొమెంటు లేనప్పటి పూర్తి బలం కోడ్ ప్రకారం (దీని సూత్రం ఇందాకటిది కాదు, వేరు) సుమారు 1,305 కిలోన్యూటన్లు. 600ను భద్రత కోసం 1.5 రెట్లు చేస్తే 900, నిష్పత్తి 0.69, ఘాతం 1.82. రెండు దిశల్లోనూ 70 శాతం చొప్పున మొమెంటు ఉంటే మొత్తం 1.05 వస్తుంది. విడివిడిగా నెగ్గిన పిల్లరు కలిపి చూస్తే ఓడింది, కాకపోతే కొద్దిలో. ఇప్పుడు ఇలాంటి పిల్లరునే పై అంతస్తు మూలన పెట్టు. నిలువు లోడు తక్కువ, ఘాతం 1. అదే 70, 70కి మొత్తం 1.4. బరువు తక్కువ కాబట్టి పైన రాడ్డు తగ్గించవచ్చు అనుకునేవాళ్లకి ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూపించు.

డాబా మీది నీళ్ల ట్యాంకు కాళ్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. తుపాను కదిలేకొద్దీ గాలి దిశ మారుతుంది, అది మన గోడకు సూటిగానే వీస్తుందన్న హామీ లేదు. చదరంగా నిలబెట్టిన నాలుగు కాళ్ల ట్యాంకుకు గాలి ఒక పక్క నుంచి సూటిగా వీస్తే అవతలి రెండు కాళ్లు నొక్కుడును పంచుకుంటాయి. ఐమూలగా, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకు వీస్తే అవతలి ఒక్క కాలే మోయాలి. తోపు అంతే అయినా ఆ కాలిలో గాలివల్ల వచ్చే నొక్కుడు 1.41 రెట్లు, ఇవతలి కాలిలో పైకి లాగుడు కూడా అంతే. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే ఆ లాగుడు ప్రమాదం.

మరో పెద్ద గందరగోళం. నాలుగో పేరాలో పిల్లరు రెండు దిశల్లో వంగడాన్నీ, పదార్థంలో ఒకే చోట రెండు దిశల్లో ఒత్తిడి ఉండడాన్నీ ఒకటిగా రాసేశావు. అవి వేరు. పిల్లరు రెండు దిశల్లో వంగినా వంపు వల్ల కాంక్రీటులో పుట్టే ఒత్తిడి నిలువుగానే ఉంటుంది, చోటును బట్టి ఎక్కువ తక్కువలు మాత్రమే. రెండోది పదార్థం లోపలి సంగతి, దానికి విడిగా చోటివ్వు. ఉదాహరణ వెతకనక్కర్లేదు, ఇటుక గోడ చాలు. నిలువుగా నొక్కినప్పుడు మెత్తని సిమెంటు మాలు ఇటుక కన్నా ఎక్కువగా పక్కలకు సాగాలని చూస్తుంది. ఇటుక దాన్ని పట్టి ఆపుతుంది. ఆపినందుకు ఇటుకలో అడ్డంగా రెండు దిశల్లోనూ లాగుడు పుడుతుంది. అందుకే సూటిగా బరువు పడ్డ గోడ కూడా నిలువుగా చీలుతుంది. మాలు పొర మందమైన కొద్దీ ఇటుక మీద లాగుడు పెరుగుతుంది. 10 మి.మీ. పొర అని పట్టుబట్టేది ఇందుకే. ఇది రాస్తే మేస్త్రి కళ్లముందు గోడ కదులుతుంది.

కాంక్రీటుకు దీని తిరగేసిన సంగతి ఉంది. 1969లో కుప్‌ఫర్, హిల్స్‌డార్ఫ్, రూష్ ప్రచురించిన పరీక్షల్లో రెండు దిశల్లో సమానంగా నొక్కిన కాంక్రీటు ఒక దిశలో నొక్కినదాని కన్నా దాదాపు 16 శాతం ఎక్కువ తట్టుకుంది. ఒక దిశలో నొక్కుతూ రెండో దిశలో లాగితే మాత్రం బలం వేగంగా పడిపోతుంది. 150 మి.మీ. క్యూబు గడియారపు ఇసుకబుడ్డిలా విరగడం కూడా ఇందులో భాగమే. మిషను పలకల రాపిడి పైనా కిందా కాంక్రీటును పక్కలకు సాగనివ్వదు. అందుకే క్యూబు బలం సిలిండరు బలం కన్నా ఎక్కువ కనబడుతుంది. స్టీలు గురించి క్లుప్తంగా ముగించు. గ్యాసు సిలిండరు ఒంటిలో చుట్టూ వచ్చే లాగుడు పొడవునా వచ్చేదానికి రెట్టింపు, రెండూ లాగుడే కాబట్టి స్టీలు సుమారు 15 శాతం ఆలస్యంగా లొంగుతుంది. ఒకటి లాగుడు, ఒకటి అంతే నొక్కుడు అయితే 58 శాతం దగ్గరే లొంగిపోతుంది.

ఇక రింగులు. నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు, నా లెక్కన వ్యాసంలో మూడో వంతు ఇదే ఉండాలి. రింగుల దూరం పిల్లరు చిన్న వెడల్పు, సన్నని నిలువు రాడ్డుకు 16 రెట్లు, 300 మి.మీ., ఈ మూడింటిలో తక్కువది. 16 మి.మీ. రాడ్లకు 256, 12 మి.మీ. రాడ్లకు 192. రాడ్డు సన్నమైతే రింగులు దగ్గరపడాలి, ఎందుకంటే రింగుకీ రింగుకీ నడుమ ఆ రాడ్డే వంగి బయటికి తన్నుకొస్తుంది. రింగు చివరి కొక్కెం 135 డిగ్రీలు తిరిగి లోపలి కాంక్రీటులోకి దిగాలి. 90 దగ్గర ఆపితే కవరు (రాడ్ల మీది కాంక్రీటు పొర) ఊడగానే కొక్కెం విచ్చుకుంటుంది. కొక్కేలన్నీ ఒకే మూల రాడ్డు మీద వరసగా పెట్టకుండా ఒక్కో రింగుకీ మూల మార్చాలి. మూల పిల్లరులో ఏ మూల ఎక్కువ మోస్తుందో ఇందాకటి లెక్కే చెప్పింది కదా. బీము, పిల్లరు కలిసే చోట రింగులు తొడగడం కష్టమని వదిలేస్తారు, అది కూడా రాయి.

పై అంతస్తు పిల్లరు కింది దాని మీద 25 మి.మీ. పక్కకు కూర్చుంటే, కోడ్ చెప్పే కనీస 20 కన్నా అదే ఎక్కువ. రాడ్లను వంచి సరిచేయాలంటే వాలు 6కి 1 మించకూడదు, అంటే 25 మి.మీ. జరగడానికి కనీసం 150 మి.మీ. పొడవు కావాలి. సుత్తితో ఒక్క దెబ్బకి వంచేస్తే ఆ వంపు దగ్గర రాడ్డు పక్కకు తోస్తుంది. కవరు 40 మి.మీ. అని రాసి ఊరుకోకు, బ్లాకులు నాలుగు పక్కలా కట్టమని రాయి. రాడ్ల బోను ఒక పక్కకు వాలితే ఒక దిశలో బలం తగ్గుతుంది, పైనుంచి చూస్తే తెలియదు.

వాక్యాల గురించి ఒక్క మాట. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి పక్కనే నువ్వున్నావు, వాడుక భాషలో రాయడానికి జంకకు. పిల్లరు, రింగు, సెంట్రింగు అని రాయి. రాశాక రింగుల భాగం ఒక రాడ్డు మేస్త్రికి చదివి వినిపించు, ఆయన్ని కొక్కెం వంచి చూపించమను. ఆయన వంచింది నీ బొమ్మకు తేడాగా ఉంటే మార్చాల్సింది నీ వాక్యం.

వచ్చేసారి మూల పిల్లరు ప్లాను నువ్వే గీసి, లోడు పడే చుక్క నుంచి రెండు దిశల్లోనూ కొలతలు వేసి పంపు. లెక్క కాగితం కూడా జతచెయ్యి, అంకె అంకె సరిచూసి తిప్పి పంపుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి, అన్నయ్య