.308 తూటాలను ఇంట్లో నింపుకొనేవారు ఏ ప్రైమర్ కొనాలి, ఎంత కొనాలి?

టెక్సాస్‌లో ఉంటూ బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో బోల్ట్ అనే పిడిని ఎత్తి లాగి తూటా ఎక్కించే) రైఫిల్ కోసం .308 విన్‌చెస్టర్ తూటాలను ఇంట్లోనే తిరిగి నింపుకోవాలనుకుంటున్నారని, దుకాణంలో కనబడే పది రకాల ప్రైమర్లలో (తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే పేలి లోపలి పౌడర్‌ను అంటించే చిన్న లోహపు టోపీలు) ఏది ఎంచుకోవాలో, ఎన్ని కొనాలో తెలియడం లేదని మీరు రాశారు. నేను ఒహాయోలో పదకొండేళ్లుగా ఇదే తూటాను 600 గజాల లక్ష్యసాధన కోసం నింపుకొంటున్నాను కాబట్టి, నా అనుభవంలో నిలిచిన విషయాలు చెబుతాను.

అన్నిటికంటే ముందు ఒక మాట, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. అమెరికా ఫెడరల్ చట్టంలో ‘అమ్యూనిషన్’ అంటే పూర్తిగా తయారైన తూటా మాత్రమే కాదు. ఖాళీ కేసు (తూటా లోహపు గొట్టం), బులెట్ (దాని మొనలో బిగించి, కాల్చినప్పుడు దూసుకెళ్లే ముక్క), పౌడర్ (మందు), ప్రైమర్ కూడా ఆ మాట కిందికే వస్తాయి. హెచ్-1బీ వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాపై ఉన్నవారు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ వంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప, వీటిని దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. మీరు ఏ వీసాపై ఉన్నారో రాయలేదు కనుక, ఒక్క పెట్టె కొనేలోపే ఈ సంగతి న్యాయవాదిని అడిగి తేల్చుకోండి. అలాగే షూటింగ్ రేంజికి తీసుకెళ్లిన సంచిని ఇండియా ప్రయాణానికి ఎన్నడూ వాడవద్దు; మూల జేబులో మరచిపోయిన ఒక్క తూటా చాలు, అక్కడి విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసు నమోదు కావడానికి.

ఇక ఎంపిక సంగతి. రైఫిల్ ప్రైమర్లు రెండు కొలతలలో వస్తాయి: లార్జ్ రైఫిల్ వ్యాసం 0.210 అంగుళాలు, స్మాల్ రైఫిల్ వ్యాసం 0.175 అంగుళాలు. మామూలు .308 కేసుకు లార్జ్ రైఫిల్ ప్రైమర్ కావాలి. అయితే లపువా సంస్థ పాల్మా అనే సుదూర లక్ష్యసాధన పోటీల కోసం తయారుచేసే .308 కేసుకు స్మాల్ రైఫిల్ ప్రైమర్ పడుతుంది. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నాకిది ఒక రాత్రి చేతితో ప్రైమర్లు బిగిస్తున్నప్పుడు తెలిసింది. నలభయ్యో యాభయ్యో సాఫీగా దిగాయి. తరువాతి కేసు దగ్గర మీట సగంలో ఆగిపోయింది. అలవాటుకొద్దీ ఇంకొంచెం నొక్కబోయిన చేతిని వెనక్కి తీసుకుని, కేసును దీపం కిందికి తెచ్చి చూస్తే దాని అడుగున గుంట చిన్నదిగా ఉంది. రేంజిలో ఎవరో వదిలేసిన కేసు నా వాటిలో కలిసిపోయింది. ప్రైమర్ దిగకపోతే బలవంతం చేయకుండా ఆగి కారణం వెతకాలన్న నియమాన్ని ఆ రాత్రి నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. లార్జ్ పిస్టల్ ప్రైమర్ వ్యాసం కూడా 0.210 అంగుళాలే, కానీ దాని ఎత్తు తక్కువ, రైఫిల్ పీడనానికి తగిన గట్టిదనం దానికి ఉండదు. కాబట్టి కొనేటప్పుడు పెట్టెమీద ‘రైఫిల్’ అన్న మాటను కళ్లారా చదవండి.

మీ బోల్ట్ యాక్షన్‌కు సీసీఐ 200, ఫెడరల్ 210, విన్‌చెస్టర్ లార్జ్ రైఫిల్, రెమింగ్టన్ తొమ్మిదిన్నర, ఈ కంపెనీల లార్జ్ రైఫిల్ ప్రైమర్లలో ఏదైనా సరిపోతుంది. ఫెడరల్ 210ఎం, సీసీఐ బీఆర్-2 పోటీల కోసం మరింత శ్రద్ధగా తయారయ్యేవి. ధర ఎక్కువ, మొదటి ఏడాది మీకు వాటితో పనిలేదు. ఫైరింగ్ పిన్ (ప్రైమర్‌ను కొట్టే సూది) స్ప్రింగు లేకుండా వదులుగా ఆడే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో మాత్రం, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదాన్ని తగ్గించడానికి సీసీఐ 34 వంటి, సులభంగా పేలనివి వాడతారు. సీసీఐ 250, ఫెడరల్ 215 వంటి మ్యాగ్నమ్ ప్రైమర్లు .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ లాంటి పెద్ద కేసులలో నెమ్మదిగా కాలే పౌడర్‌ను అంటించడానికి ఉద్దేశించినవి.

అసలు చిక్కు సరుకు దొరకనప్పుడు వస్తుంది. 2020కి ముందు వెయ్యి ప్రైమర్లు 30, 40 డాలర్ల మధ్య దొరికేవి. ఆ తరువాత వచ్చిన కొరతలో అరలన్నీ ఖాళీ అయి, ప్రైవేటు అమ్మకందారులు దానికి ఎన్నోరెట్లు అడిగారు. 2021 చలికాలంలో నాకు 210ఎం దొరకక, చేతికందిన సీసీఐ 250 కొన్నాను. పాత లోడును (కేసులో పోసే పౌడర్ పరిమాణం, మిగతా భాగాల కలయిక) అలాగే ఉంచి ప్రైమర్ మాత్రమే మార్చకూడదని తెలుసు కనుక, తూటాలు నింపే మాన్యువల్ చెప్పిన ఆరంభ పౌడర్ పరిమాణానికి దిగి మళ్లీ మొదటినుంచి కొంచెం కొంచెంగా పెంచుతూ వచ్చాను. పాత పరిమాణం దాకా రాకముందే ప్రైమర్ అంచులు చదునై, బోల్ట్ పైకెత్తడం బరువైంది, ఇవి పీడనం ఎక్కువైందనడానికి గుర్తులు కనుక అక్కడే ఆపాను. దిగకుండా పాత లోడుతోనే కాల్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం ఇష్టం లేదు. ఏ భాగం మార్చినా, ఒకే కంపెనీ ప్రైమర్లలో రకం మారినా, ఇదే పద్ధతి పాటించండి.

కొనుగోలులో నా పద్ధతి ఇది. ఒక పెట్టెలో వెయ్యి ఉంటాయి, వంద చొప్పున పది ట్రేలు. ముందు వంద కొని లోడు కుదిరిందని నిర్ధారించుకున్నాక, సీజన్‌కు సరిపడా ఒకే లాట్ నంబరుతో (అంటే ఒకే విడతలో తయారైనవి) కొంటాను. ఆన్‌లైన్‌లో ఆర్డరుకు ప్రమాదకర సరుకు రవాణా రుసుము పడుతుంది. అది ఎక్కువగా పార్సిల్‌కు ఇంత అని ఉంటుంది కాబట్టి వంద కోసం ఆర్డరు చేయడం దండగ, పౌడర్‌తో కలిపి ఒకేసారి తెప్పించుకోవడం మేలు. తక్కువ కావాలంటే ఊళ్లోని దుకాణమే నయం. ఒక గన్ షోలో బల్లమీద కొన్న పెట్టెలో రెండు ట్రేల లాట్ నంబరు మిగతావాటితో కలవలేదు. అప్పటినుంచి పెట్టె తెరిచి ప్రతి ట్రే చూడనిదే డబ్బు ఇవ్వడం లేదు.

ఇంట్లో వాటిని కంపెనీ ట్రేలలోనే, పొడిగా, పిల్లలకు అందకుండా, పౌడర్‌కు దూరంగా ఉంచండి. ఆ ట్రే ఒక్కొక్క ప్రైమర్‌ను విడివిడిగా ఉంచేది, ఒకటి పేలితే మిగిలినవన్నీ ఒక్కసారిగా పేలకుండా ఉండడానికే. గాజు సీసాలో పోసి పెట్టేవారిని చూశాను, అది బాంబుతో సమానం. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ 495 ప్రమాణం ఇంట్లో నిల్వకు 10,000 ప్రైమర్ల పరిమితి పెట్టింది, మీ ఊరి నిబంధన ఇంకా తక్కువ ఉండవచ్చు. చాలా ప్రైమర్లలో సీసం ఉంటుంది కనుక పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే భోజనానికి కూర్చోండి.

మీ కేసుల అడుగున ఏ ముద్ర ఉందో, మీరు వాడబోయే మాన్యువల్‌లో ఆ లోడు కింద ఏ ప్రైమర్ పేరు రాసి ఉందో తెలియజేస్తే, ఏది ముందుగా కొనాలో ఇంకా కచ్చితంగా చెప్పగలను.