హసెబె మకొతొ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. తెలుగులో ఒక జపాన్ ఫుట్‌బాల్ ఆటగాడి జీవితాన్ని ఇంత శ్రద్ధగా రాయాలని నీకు తోచినందుకు సంతోషించాను. ముప్ఫై ఏళ్లు క్రీడాపుటల దగ్గర పనిచేసినవాడిగా నాకు తోచిన మార్పులు చెబుతాను.

నా మొదటి అభ్యంతరమే పెద్దది. పన్నెండు పేజీల వ్యాసంలో జపాన్‌కు నువ్వు ఇచ్చినది అర పేజీ. 2008 జనవరిలో జర్మనీ క్లబ్బు వోల్ఫ్స్‌బుర్గ్‌లో అడుగుపెట్టిన రోజునే హసెబె పుట్టినట్టుగా ఉంది నీ కథనం. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. అప్పటికే జపాన్ లీగ్‌నూ ఆసియా చాంపియన్స్ లీగ్‌నూ గెలిచిన క్లబ్బు జట్టులో ముఖ్యుడు. ఆ తరువాత పదహారేళ్లకు పైగా జర్మనీలో నిలబడగలిగిన మనిషి ఎక్కడ తయారయ్యాడో చెప్పకపోతే, మిగిలిన పదకొండు పేజీలు ఎంత బాగున్నా పాఠకుడికి అతను అంతుపట్టడు.

కాబట్టి షిజుఒక నుంచి మొదలుపెట్టు. జపనీయులు ఆ ప్రాంతాన్ని సాకర్ రాజ్యమని పిలుచుకుంటారు. హసెబె 1984లో అక్కడి ఫుజియెద పట్టణంలో పుట్టి, ఆ ఊళ్లోనే ఫుట్‌బాల్‌కు పేరుపడ్డ ఫుజియెద హిగషి ఉన్నత పాఠశాలలో చదువుకున్నాడు. జపాన్‌లో ప్రొఫెషనల్ ఆటలోకి రావడానికి క్లబ్బుల యువజట్లు ఒక దారి అయితే, పాఠశాల ఫుట్‌బాల్ మరొక దారి. ఏటా చలికాలం సెలవుల్లో జరిగే పాఠశాలల జాతీయ పోటీ 1917 నాటిది, అంటే జపాన్ ప్రొఫెషనల్ లీగ్ కంటే డెబ్బై ఏళ్లకు పైగా పెద్దది. హసెబె పాఠశాల దారిలో వచ్చినవాడు. ఈ సంగతి మన పాఠకులకు కొత్త కనుక దీనికి రెండు మూడు పేరాలు ఖర్చుపెట్టడానికి వెనకాడకు.

అతను 2002లో ఉరవ రెడ్స్ క్లబ్బులో చేరేనాటికి జపాన్ ప్రొఫెషనల్ లీగ్ అయిన జె లీగ్ వయసు తొమ్మిదేళ్లే. 1993లో పది క్లబ్బులతో అది మొదలయ్యే వరకు అక్కడ పెద్ద జట్లు దాదాపు అన్నీ కంపెనీల జట్లు. ఉరవ కూడా మిత్సుబిషి జట్టు నుంచి వచ్చినదే. కంపెనీ పేరు తీసేసి ఊరి పేరు పెట్టుకోవాలన్న నియమం వల్ల ఆ జట్లు ఊళ్లవి అయ్యాయి. ఇది ఎంత పెద్ద మార్పో తెలియాలంటే ఒకుదెర యసుహికొను పక్కన పెట్టి చూపించు. 1977లో జర్మనీలోని కొలోన్ క్లబ్బు అతన్ని తీసుకున్నప్పుడు అతను ఫురుకవ ఎలక్ట్రిక్ కంపెనీ జట్టు ఆటగాడు. స్వదేశంలో ఫుట్‌బాల్ ఇంకా ఒక వృత్తి కాలేదు. మొదటి సీజన్‌లోనే లీగ్‌నూ కప్పునూ గెలిచిన జట్టులో ఉన్నాడు. 1986 వరకు జర్మనీ లీగ్ అయిన బుందెస్‌లిగాలో 234 మ్యాచ్‌లు ఆడి, మళ్లీ ఫురుకవకే తిరిగి వెళ్లాడు. హసెబె అలా కాదు. నిండు స్టేడియంలో, జీతం తీసుకునే ఆటగాడిగా, గెలుస్తున్న జట్టును వదిలి వెళ్లినవాడు. ఇద్దరూ జపాన్ నుంచి జర్మనీకే వెళ్లినా, ఇద్దరూ వదిలి వెళ్లినది ఒకటి కాదు.

ఆ వదిలి వెళ్లిన ఏడాదిని, 2007ను, నెమ్మదిగా చెప్పు. నవంబర్ 14న సైతమ స్టేడియంలో ఇరాన్ క్లబ్బు సెపాహాన్‌ను 2–0తో ఓడించి ఉరవ ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచింది. మూడు వారాలు తిరగకుండానే, డిసెంబర్ 1న, అప్పటికే దిగువ లీగ్‌కు పడిపోవడం ఖాయమైన యొకొహమ ఎఫ్‌సీ చేతిలో 0–1తో ఓడి, చేతికి అందిన లీగ్ టైటిల్‌ను కషిమకు వదులుకుంది. ఆ ఒక్క గోల్‌కు బంతిని అందించినవాడు నలభై ఏళ్ల మియుర కజుయొషి. హసెబె కూడా నలభై ఏళ్ల దాకా ఆడాడని తెలిసిన మనకు ఈ సంఘటన ఊరికే దాటిపోయేది కాదు. వ్యాఖ్య అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చెబితే చాలు.

ఇక్కడే నీ పట్టికలో దొర్లిన పొరపాటు గురించి కూడా చెప్పాలి. జె లీగ్ సీజన్ ఇన్నాళ్లూ వసంతంలో మొదలై డిసెంబర్‌లో ముగిసేది కనుక దాన్ని 2007 సీజన్ అంటే సరిపోతుంది. జర్మనీలో ఆగస్టు నుంచి మే వరకు కనుక 2008–09 అని రాయాలి. నువ్వు రెండింటినీ ఒకే వరుసలో పేర్చడంతో అతను ఒక ఏడాది ఎక్కడా ఆడనట్టు కనిపిస్తోంది. జపాన్ ఆటగాళ్లు జనవరిలో ఐరోపా చేరడం వెనక ఉన్నది కూడా ఈ క్యాలెండరే: జపాన్‌లో సీజన్ ముగిసి ఆటగాడు ఖాళీ అవుతాడు, ఐరోపాలో సగం సీజన్ ముగిసి మిగిలినవారంతా లయలో ఉంటారు. 2026 ఆగస్టు నుంచి తామూ ఐరోపా పద్ధతికి మారాలని జె లీగ్ 2023 చివర నిర్ణయించింది కాబట్టి, ఇకపై రాసేవారికి ఈ చిక్కు ఉండదు.

పేర్ల విషయంలో నీకు గట్టిగా చెబుతున్నాను: ఇంగ్లిష్ వెబ్‌సైట్ల నుంచి దించుకోకు. మనలాగే జపనీయులూ ఇంటిపేరు ముందు రాస్తారు. కనుక హసెబె మకొతొ అనే రాయి, తలకిందులు చేయకు. మన లిపిలో ఎ–ఏ, ఒ–ఓ తేడా ఉండటం మనకు దక్కిన భాగ్యం. ఇంగ్లిష్‌లో ఒకుదెర, ఓకుబొ అన్న రెండు పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, కానీ జపనీయుల నోట మొదటిది హ్రస్వం, రెండోది దీర్ఘం. ఆ తేడాను అదనపు గుర్తులేవీ లేకుండా చూపగల లిపి మన చేతిలో ఉంది. టోక్యో లాగా ఇప్పటికే నోళ్లలో స్థిరపడిన పేర్లను మాత్రం కదపకు.

జర్మనీ భాగంలో నువ్వు క్లబ్బుల వరుస చెప్పుకుంటూ పోయావు. దానికి బదులు అతను మైదానంలో ఎక్కడ నిలబడ్డాడో చెప్పుకుంటూ వెళ్లు. అతని వృత్తి జీవితం అందులోనే ఉంది. ఉరవలో మధ్యలో బంతి తీసుకుని దూసుకెళ్లే మిడ్‌ఫీల్డర్. ఫెలిక్స్ మాగాత్ శిక్షణలో వోల్ఫ్స్‌బుర్గ్ 2008–09లో చాంపియన్ అయినప్పుడు గ్రఫీచి, జెకో ఇద్దరే 54 గోల్స్ చేశారు; హసెబె కుడివైపున పరుగులు తీస్తూ ఆ జట్టు పని చేసిపెట్టినవారిలో ఒకడు. తరువాత రైట్ బ్యాక్‌గా కూడా ఆడించారు. 2011 సెప్టెంబర్‌లో హోఫెన్‌హైమ్ మీద తమ గోల్‌కీపర్‌కు రెడ్ కార్డు పడి, మార్చడానికి ఆటగాళ్లు మిగలనప్పుడు గ్లవ్స్ తొడుక్కుని గోల్‌లో నిలబడ్డాడు. ఒక గోల్ పోయింది, మ్యాచ్ 3–1తో పోయింది. దీన్ని నువ్వు వింతగా చెప్పావు. నాకు అది వింతగా తోచదు. ఎక్కడ నిలబెట్టినా నిలబడతాడన్న నమ్మకం శిక్షకులకు అప్పటికే కుదిరిందని అది చెబుతుంది.

న్యూరెంబర్గ్‌ను దాటవేయకు. 2013–14లో అతను అక్కడ మోకాలి గాయంతో నెలలు పోగొట్టుకున్నాడు, క్లబ్బు దిగువ లీగ్‌కు పడిపోయింది. రెండేళ్లకు, అప్పటికి అతను ఆడుతున్న ఫ్రాంక్‌ఫర్ట్ అదే ప్రమాదంలో పడి ప్లేఆఫ్ ఆడవలసి వచ్చినప్పుడు ఎదురుగా నిలిచింది అదే న్యూరెంబర్గ్. ఫ్రాంక్‌ఫర్ట్ గట్టెక్కింది. ఆ తరువాతే శిక్షకుడు నికో కోవాచ్ అతన్ని వెనక్కి జరిపి ముగ్గురు డిఫెండర్ల నడుమ నిలబెట్టాడు. ముప్ఫై దాటిన కాళ్లకు వేగం తగ్గినా, ఆట ఎటు వెళ్లబోతోందో ముందే చదవగల కన్నుకు అక్కడ పని దొరికింది. 2018లో బెర్లిన్‌లో బయెర్న్‌ను 3–1తో ఓడించి గెలిచిన జర్మన్ కప్పూ, 2022లో సెవియాలో రేంజర్స్ మీద పెనాల్టీ షూటౌట్‌లో గెలిచిన యూరోపా లీగూ ఆ మార్పు తరువాతివే. రెండో ఫైనల్‌లో అతను ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, గాయపడిన డిఫెండర్ బదులుగా మధ్యలో దిగాడు.

అంకెలు తక్కువ వాడు, వాడినవి సరిగ్గా చెప్పు. 384 అన్నది బుందెస్‌లిగా మ్యాచ్‌ల సంఖ్య మాత్రమే. కప్పు మ్యాచ్‌లూ ఐరోపా మ్యాచ్‌లూ అందులో లేవు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆటగాడి లీగ్, కప్పు లెక్కలు కలిపేసి అచ్చు వేయించాను; ఆ సవరణ ప్రకటన రాయవలసి వచ్చిన రోజు నేటికీ గుర్తుంది. 2020 జూన్‌లో అతను దాటినది కొరియా ఆటగాడు చా బుమ్-కున్ 308 మ్యాచ్‌ల ఆసియా రికార్డును. చా కూడా ఒకప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ ఆటగాడే. ఆ వాక్యం తప్పక చేర్చు.

జాతీయ జట్టు గురించి నువ్వు రాసిన భాగం బాగుంది: 114 మ్యాచ్‌లు, మూడు ప్రపంచ కప్పుల్లో కెప్టెన్సీ, 2011 ఆసియా కప్ విజయం అన్నీ ఉన్నాయి. ఒక్క దృశ్యం కలుపు. 2018 ప్రపంచ కప్పులో పోలండ్ మీద 0–1తో వెనకబడి, పసుపు కార్డులు తక్కువగా ఉన్నందున అదే స్కోరుతో తరువాతి దశకు గట్టెక్కగల స్థితిలో, బెంచీ మీద ఉన్న హసెబెను శిక్షకుడు నిషినొ 82వ నిమిషంలో లోపలికి పంపాడు. ఇక దాడి చేయవద్దన్న మాటను సహచరులకు చేరవేయడం అతని పని. ఆ తీరును విమర్శించినవారు ఎందరో ఉన్నారు, వారి మాట కూడా రాయి.

చివరగా, పక్క పాత్రగా ఓకుబొ యొషితొకు ఒక పేజీ ఇవ్వమని కోరుతున్నాను. 2009 జనవరిలో అదే వోల్ఫ్స్‌బుర్గ్‌కు వచ్చి, ఆరు నెలలకే స్వదేశానికి తిరిగి వెళ్లిన అతన్ని నువ్వు ఒక్క ముక్కలో విఫలుడన్నావు. ఆ మాట కొట్టేయి. అతను 2013, 2014, 2015లో వరుసగా జె లీగ్‌లో అత్యధిక గోల్స్ చేశాడు. 191 గోల్స్‌తో ఆ లీగ్ చరిత్రలోనే అందరికంటే పైన ఉన్నాడు. హసెబె వెళ్లి ఉండిపోయాడు, ఓకుబొ వెళ్లి తిరిగొచ్చాడు. ఆ ఇద్దరినీ ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్న ఆ ఆరు నెలల్లో చూపించగలిగితే, ఇంటా బయటా అన్న నీ శీర్షికకు న్యాయం జరుగుతుంది.

జపాన్ భాగాన్ని తిరగరాసి ముందు అదొక్కటే పంపు. పట్టికను నేను కూర్చుని సరిచూస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న