బీఎడ్ చదువుతున్న మేనకోడలికి: డిజిటల్ పోర్ట్‌ఫోలియో గురించి

బ్రాడీపేట,
గుంటూరు

చి. శ్రావణికి,

అత్తయ్య ఆశీస్సులు. కాలేజీలో డిజిటల్ పోర్ట్‌ఫోలియో, అంటే నువ్వు పాఠాలు చెప్పిన తీరు చూపించే వెబ్‌పేజీ, చేసి పెట్టమన్నారనీ, గూగుల్ సైట్స్ మంచిదా, కాన్వా మంచిదా చెప్పమనీ మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెబితే "ఊఁ, ఊఁ" అంటూ పక్కన ఇంకో పని చేసుకుంటావు గనక తీరిగ్గా రాస్తున్నాను. ఏ సైట్ అనేది ఆఖర్న చూసుకోవచ్చు, అది ఒక పూట పని. అందులో పెట్టడానికి సరుకుందా లేదా అన్నదానికే టెన్షన్ పడాలి.

ముందే ఒకటి చెబుతాను. ప్రభుత్వ టీచర్ ఉద్యోగాలకి పెట్టే డీఎస్సీలో దీనికి మార్కుల్లేవు. అక్కడ 80 మార్కులు రాత పరీక్షకి, మిగతా 20 టెట్ (టీచర్ అర్హత పరీక్ష) వెయిటేజీకి. కాబట్టి రంగులు మార్చుకుంటూ కూర్చుని టెట్ పుస్తకాలు అటకెక్కించావంటే మీ నాన్న కంటే ముందు నేనే తిడతాను. దీని అవసరం వేరే చోట పడుతుంది. రిటైరయ్యాక ఇక్కడి ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు టీచర్ల ఇంటర్వ్యూలకి నన్ను కూర్చోమంటున్నారు. ఈమధ్య బయోడేటాతో పాటు చాలామంది లింకు కూడా పంపుతున్నారు. తెరిస్తే మొదటి పేజీలో ఫొటో, కింద 'బోధనే నా ఊపిరి' అని ఒక వాక్యం, ఆ తర్వాత టెన్త్ నుంచి వరసగా సర్టిఫికెట్లు, టీచర్స్ డే నాడు పట్టుచీర కట్టుకుని దిగిన ఫొటోలు. పెళ్లి ఆల్బమ్ తిరగేసినట్టే ఉంటుంది. ఆ అమ్మాయి క్లాసులో నిలబడి పాఠం ఎలా చెబుతుందో మాత్రం ఎక్కడా దొరకదు. నేను వెతికేది అదొక్కటే.

రెండేళ్ల బీఎడ్‌లో ఇంటర్న్‌షిప్ 20 వారాలు. అన్ని వారాల్లో నువ్వు చెప్పిన ప్రతి పీరియడ్‌నీ స్కాన్ చేసి ఎక్కించకు. ఎవరూ చదవరు, నేనూ చదవను. ఓ మూడు నాలుగు పాఠాలు తీసుకో. వాటిలో ఒక్కదాన్ని మాత్రం మొదట్నుంచీ చివరిదాకా విప్పి చూపించు.

ఏ పాఠం అంటావా? నువ్వే చెప్పావు కదా, ఆరో తరగతిలో దశాంశాలు చెప్పేశాక 0.35, 0.5 లలో ఏది పెద్దది అని అడిగితే సగం క్లాసు 0.35 అన్నారని. ఆ రోజు నువ్వు డీలా పడిపోయావు గానీ, నాకు మాత్రం నీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ దొరికిందనిపించింది. ఎవరో ఒకరి నోట్సులో ఆ తప్పు ఉన్న పేజీ ఫొటో తీసి పెట్టు. దాని కింద వాళ్లు ఎందుకలా అన్నారో రాయి. 5 కంటే 35 పెద్దది కదా, ఇన్నేళ్లూ మనం నేర్పిన లెక్కే అది. పైగా మనం నోటితో చదివేది కూడా "పాయింట్ ముప్పై అయిదు" అని. ముప్పై అయిదు అని చెవిన పడ్డాక అయిదు కంటే చిన్నదంటే ఆ పిల్లలు ఎలా నమ్ముతారు?

మర్నాడు నువ్వు రూపాయలూ పైసల్లోకి దిగావు. ముప్పై అయిదు పైసలు, యాభై పైసలు అనేసరికి కొందరికి వెలిగింది. ఇంకొందరు 0.5 అంటే అయిదు పైసలే కదా టీచర్ అన్నారు. చూశావా, పైసలతో చెప్పడం ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ చేయదో ఆ పిల్లలే నీకు చూపించారు. అదే వరసలో 0.125 ఇచ్చి ఉంటే పైసలు అసలు అక్కరకే రావు. అప్పుడు గ్రాఫ్ కాగితం మీద పదికి పది గళ్లు గీయించావు. 0.5 కి అయిదు నిలువు వరసలు, 0.35 కి మూడు వరసలూ అయిదు గళ్లూ రంగు వేయించావు. ఆ రంగు వేసిన కాగితం ఒకటి దాచావా? లేకపోతే రేపే అడిగి తెచ్చుకో. మొదట రాసుకున్న పీరియడ్ ప్లాన్, కొట్టివేతలతో మార్చుకున్న ప్లాన్, రెండూ పక్కపక్కన పెట్టు. కొట్టివేతలున్నాయని సిగ్గుపడి మళ్లీ ఫెయిర్ చేయకు, నేను చూసేది వాటినే. మీ మెంటర్ టీచర్ ఎర్ర ఇంకుతో రాసిన మాట ఉంటే అది కూడా అలాగే ఉంచు. చివర్లో స్లిప్ టెస్ట్ పెట్టినప్పుడు ఎంతమందికి వచ్చింది, ఎంతమందికి ఇంకా రాలేదు, రానివాళ్లు ఎక్కడ ఆగిపోయారు అన్నది రాస్తే ఆ పాఠానికి అది చాలు.

ఇక పాఠం ఎలా జరిగిందో తర్వాత ఆలోచించుకుని రిఫ్లెక్షన్ అని రాయమంటారు చూడు, అక్కడ అందరూ చేతులెత్తేస్తారు. "పాఠం బాగా జరిగింది. విద్యార్థులు ఆసక్తిగా విన్నారు. టీఎల్‌ఎం (బోధన సామగ్రి) చక్కగా ఉపయోగపడింది." ఈ మూడు వాక్యాలూ ఏ కాలేజీ రికార్డు తిరగేసినా ఉంటాయి. డబ్బులిచ్చి రాయించుకున్న రికార్డుల్లో అయితే అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి. (మీ బ్యాచ్‌లో కూడా రాయించుకునేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు, పేర్లు చెప్పక్కర్లేదు.) నువ్వు ఆ జోలికి పోకు. బోర్డు దగ్గర నిలబడినప్పుడు నీకు ఏం అర్థం కాలేదో, ఏ పిల్లాడి ప్రశ్నకి తడుముకున్నావో, రేపు మళ్లీ అదే పాఠం చెబితే ముందు ఏం అడుగుతావో రాయి. ఆ సాయంత్రమే రాయాలి. ఆదివారం దాకా ఆగితే పిల్లలన్న మాటలు పోయి నీ అభిప్రాయాలు మాత్రమే మిగులుతాయి. విజయవాడ నుంచి బస్సులో వచ్చేటప్పుడు ఫోన్లో వాయిస్ టైపింగ్ పెట్టుకుని తెలుగులో చెప్పేసుకో, ఇంటికొచ్చి తప్పులు దిద్దుకో. ఇంగ్లీషులోనే ఉండాలని కాలేజీ వాళ్లు అంటే ప్లాన్లు ఇంగ్లీషులో పెట్టి, రిఫ్లెక్షన్ తెలుగులో రాయనిమ్మని మీ మేడమ్‌ని అడుగు. మరీ పట్టుబడితేనే మార్చు. అరకొర ఇంగ్లీషులో రాస్తే నీ ఆలోచన కూడా అరకొరగానే కనిపిస్తుంది.

మన స్కూళ్లలో ఇప్పుడు పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు కదా. ఆ రెండు పేజీలనీ క్లాసులో ఎలా వాడుకున్నావో ఒక పాఠంలోనైనా చూపించు. ఇంగ్లీషు మీడియం అని బోర్డు పెట్టుకున్న ప్రైవేటు స్కూళ్లకి కూడా ఆ పని వచ్చిన టీచర్లే కావాలి, పైకి చెప్పరంతే.

ఫొటోల సంగతి గట్టిగా చెబుతున్నాను, విను. పిల్లల మొహాలు వద్దు. 2023 లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం మాట అలా ఉంచు, ఎవరి బిడ్డ మొహమో నీ ఉద్యోగం కోసం ఊరంతా తిరగడం ఏం న్యాయం? స్కూల్లో ఫొటోలు తీసుకుంటానని ముందు హెచ్.ఎం. గారిని అడుగు, ఆవిడ ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకో. వెనక బెంచీ దగ్గర నిలబడి తీస్తే పిల్లల వీపులూ, బోర్డూ, నువ్వూ పడతారు. అంతకంటే ఏం కావాలి? బోర్డు కుడివైపు పైన స్కూలు పేరు, తరగతి, తేదీ, హాజరు రాస్తాం కదా, స్కూలు పేరు ఉంటే ఆ మూల కత్తిరించెయ్. నోట్సు ఫొటోలో లేబుల్ మీద పేరు, రోల్ నంబరు లేకుండా చూసుకో. యూనిఫాం మీద బ్యాడ్జీ కూడా. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్ చెయ్, లేకపోతే ఎక్కడ తీశావో ఫొటోలోనే నమోదైపోతుంది.

వీడియో పెట్టాలంటే మూడు నాలుగు నిమిషాల ముక్క చాలు, పీరియడ్ మొత్తం ఎవరూ చూడరు. పాఠం మొదలెట్టే ముక్క కంటే, ఒక పిల్లాడు తప్పు చెప్పినప్పుడు నువ్వేం చేశావన్న ముక్క మంచిది. ఫోన్ కిటికీలో ఆనించి పెడితే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినిపించదు. ఇయర్‌ఫోన్ మైకు చీర అంచుకి పిన్నుతో పెట్టుకుని నీ గొంతు వరకూ విడిగా రికార్డు చేసుకో. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ (వెతికితే కనిపించని రకం) పెట్టేశాను కదా అని ధీమా వద్దు. లింకు చేతికొచ్చిన ప్రతివాళ్లూ చూడొచ్చు, ఇంకొకరికి పంపొచ్చు కూడా. పిల్లలు కనిపించే వీడియో అయితే అసలు ఎక్కించకు.

ఇప్పుడు నువ్వడిగిన సైట్ విషయం. గూగుల్ సైట్స్ చాలు. ఖర్చు లేదు, ఫోన్లో బాగా తెరుచుకుంటుంది. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లు చూసేది చాలాసార్లు ఫోన్లోనే. కాన్వాలో చేస్తే అందంగా ఉంటుంది గానీ నువ్వు బొమ్మల్లో పడి రాయడం మానేస్తావని నా భయం. కాలేజీ వాళ్లిచ్చిన మెయిల్‌తో మాత్రం చేయకు. కోర్సు అయిపోయాక ఆ అకౌంట్ తీసేస్తే నీ పనంతా దాంతోనే పోతుంది. నీ సొంత జీమెయిల్ వాడు. ఉచితంగా 15 జీబీ ఇస్తారు, అందులోనే మెయిల్, ఫొటోలు, డ్రైవ్ అన్నీ సర్దుకోవాలి కాబట్టి పెళ్లిళ్ల వీడియోలు తీసెయ్. ఫొటోలు స్నేహితురాలి ఫోన్ నుంచి తెచ్చుకునేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమను, మామూలుగా పంపితే నోట్సులో పెన్సిలు రాతలు మసకబారతాయి. ఫైళ్లకి పేర్లు పెట్టు, 'ఆరో తరగతి దశాంశాలు రెండో రోజు' అన్నట్టు.

అన్నీ అయ్యాక షేరింగ్‌లో 'లింక్ ఉన్నవాళ్లు ఎవరైనా చూడొచ్చు' అన్నది పెట్టావో లేదో చూడు. ఇంటర్వ్యూల్లో నేను తెరిచే లింకుల్లో అనుమతి అడిగేవి బోలెడుంటాయి, వాటిని ఎవరూ రెండోసారి తెరవరు. నీ అకౌంట్ లేకుండా తెరిచే ఇన్‌కాగ్నిటో విండోలో ఒకసారి, మీ నాన్న ఫోన్లో ఒకసారి తెరిచి చూడు. అంతా కలిపి ఒక పీడీఎఫ్ కూడా చేసి పెట్టుకో, ఎక్స్‌టర్నల్ (బయటి ఎగ్జామినర్) వచ్చిన రోజే నెట్ పోతుంది.

దసరా సెలవలకి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఈలోగా ఆ దశాంశాల పేజీ ఒక్కటి రాసి పంపు. గ్రాఫ్ కాగితం ఫొటో మర్చిపోకు. మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ అత్తయ్య