తెల్లవారేసరికి ఒక మూల కుంగే కారు

ప్రశ్న: నిరుడు హైదరాబాద్‌లో పదేళ్ల నాటి జర్మన్ ఎస్‌యూవీ కొన్నాను. నాలుగు చక్రాలకూ ఎయిర్ సస్పెన్షనే, అంటే ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు. కొన్నాళ్లుగా పొద్దున లేచి చూస్తే ముందు ఎడమ పక్క టైరు మీదికి కుంగి ఉంటోంది. స్టార్ట్ చేస్తే లేస్తుంది గాని, ఈ మధ్య చాలాసేపు పడుతోంది, కింద నుంచి ఒకటే మోత. మొన్న జనగామ దాటాక డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం కూడా వెలిగింది. షెడ్డులో చూపిస్తే తిత్తుల్లో గాలి నింపే కంప్రెసర్ మార్చాలన్నారు. బంధువులేమో అంతా పీకేసి మామూలు స్ప్రింగులు వేయించుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, నక్కలగుట్ట, హనుమకొండ

జవాబు: ముందు కంప్రెసర్‌కు అడ్వాన్సు ఇవ్వకండి. జబ్బు ఎక్కడుందో మీ ఉత్తరంలో మీరే రాశారు: ఒకే మూల, అదీ రాత్రికి రాత్రే. కంప్రెసర్ చెడిపోతే కుంగిన బండి లేవదు. అంతేగాని, ఆగి ఉన్న బండిని ఒక పక్కకు కుంగదీయడం దాని చేతిలో లేదు. ఎడమ పక్క గాలి ఎక్కడో పోతోంది. పోయిన గాలిని రోజూ పొద్దున్నే నింపలేక కంప్రెసర్ వేడెక్కుతోంది. మరీ కాలిపోకుండా, సస్పెన్షన్‌ను నడిపే కంప్యూటరు, అదే కంట్రోల్ యూనిట్, దాన్ని మధ్యలో ఆపేస్తుంది. మీకు వెలిగిన దీపం బహుశా అదే. లీకు ఉండగా కొత్త కంప్రెసర్ బిగిస్తే దానికీ కొన్నాళ్లకు అదే గతి. పైగా బిల్లు చేతికొచ్చాక ‘మీ రోడ్లు బాగాలేవండీ’ అంటారు.

లీకు ఏ మూలనో ఖాయం చేసుకోవడానికి టేపు చాలు. చదునైన చోట బండి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిబొడ్డు నుంచి పైన ఫెండర్ (మడ్‌గార్డు) అంచు దాకా కొలిచి కాగితం మీద రాయండి. పొద్దున తలుపు కూడా తీయకుండా మళ్లీ కొలవండి. ఇక్కడొక మెలిక ఉంది. కొన్ని కార్లలో బండికి తాళం వేశాక కూడా కంట్రోల్ యూనిట్ మధ్యమధ్య మేలుకుని, కుంగిన మూలకు సమానంగా మిగిలిన మూలలను దించుతుంది. పొద్దునకు నాలుగూ కుంగి కనిపిస్తే దొంగ ఎవరో తేలదు. అందుకని ఆ రాత్రికి సస్పెన్షన్ ఫ్యూజు తీసి పెట్టండి. ఏది ఫ్యూజో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అప్పుడు నిజంగా కారుతున్న మూల ఒక్కటే దిగుతుంది.

మూల తెలిశాక సబ్బు నీళ్లు. పాత్రలు తోమే సబ్బును నీళ్లలో చిక్కగా కలిపి స్ప్రే సీసాలో పోయండి. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పితే రబ్బరు తిత్తి బయటకు కనబడుతుంది. దాని కింది భాగంలో రబ్బరు లోపలికి మడత పడే చోటు చూడండి. పగుళ్లు వచ్చేది ఎక్కువగా అక్కడే. మన దగ్గర గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో నడిచిన బండ్లకు ఆ మడతలో బూడిదరంగు పొడి గట్టిగా పేరుకుని ఉంటుంది. బండి కదిలినప్పుడల్లా అది గరుకు కాగితంలా రబ్బరును గీకుతూనే ఉంటుంది. ముందు నీళ్లతో కడిగి, తర్వాత సబ్బు నీళ్లు కొట్టండి. మామూలు ఎత్తులో ఒకసారి, పైకి లేపి ఒకసారి చూడాలి, ఎందుకంటే కొన్ని పగుళ్లు మడత ఒక తీరుగా ఉన్నప్పుడే నోరు తెరుస్తాయి. పెద్ద బుడగలు వస్తాయని చూడకండి. సన్నటి తెల్ల నురుగు ఒకే చోట మెల్లగా ఊరుతుంటుంది, అదే లీకు.

తిత్తి బాగుంటే గొట్టం బిగించిన చోట చూడాలి. మా షెడ్డుకు వచ్చే బండ్లలో నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. పెన్సిల్ కంటే సన్నటి నైలాన్ గొట్టాన్ని ఎవరో కటింగ్ ప్లేయరుతో నొక్కి తెంపుతారు. కొన నలిగి కోడిగుడ్డులా అవుతుంది, సీలు దాన్ని సరిగా పట్టదు. పదునైన బ్లేడుతో అడ్డంగా, తిన్నగా కోసి మళ్లీ దోపితే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. అక్కడా నురుగు రాకపోతే, ఏ మూలకు ఎంత గాలి పోవాలో పంచే వాల్వు బ్లాకును అనుమానించాలి. గాలిలోని తేమను పీల్చే డ్రయ్యరు గుళికలు పాతబడితే నీరు ఆ బ్లాకులోకి చేరి వాల్వులు సరిగా మూసుకోవు. ముందు రెండు మూలలూ కలిసి దిగుతుంటే నా చూపు మొదట దాని మీదికే పోతుంది.

తిత్తికి పంక్చర్ ప్యాచీ వేయించకండి. లోపలి ఒత్తిడి టైరులో ఉండేదానికంటే చాలా ఎక్కువ, పైగా రబ్బరు ఎప్పుడూ మడతపడుతూనే ఉంటుంది. మార్చాల్సిందే. లోపలి షాక్ అబ్జార్బర్ నూనె కారకుండా ఉంటే తిత్తి ఒక్కటే దొరికే కిట్టు చాలు, కారుతుంటే తిత్తీ షాక్ అబ్జార్బరూ కలిసి వచ్చే మొత్తం స్ట్రట్ వేయించండి. కుడి పక్కది కూడా అదే వయసుది కాబట్టి దాని మడతనూ అదే రోజు చూడమనండి. బిగించాక తిత్తిలో కొంత గాలి నింపకుండా బండిని జాకీ మీది నుంచి దించితే, కొత్త రబ్బరు అడ్డదిడ్డంగా నలిగి మొదటి రోజే చిరుగుతుంది. దించేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. తర్వాత స్కానర్‌తో ఎత్తు సరిచేయించి, వీల్ అలైన్‌మెంట్ చూపించండి. కంప్రెసర్ అప్పటికీ నెమ్మదిగా లేపుతుంటే అప్పుడు మార్చండి, దానికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు, అదే రిలేతో సహా. పాత రిలే అంటుకుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి మాడిపోతుంది.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. గాలి మీద నిలబడ్డ బండి కింద దూరకండి, టైరుకూ ఫెండర్‌కూ మధ్య చెయ్యి పెట్టకండి. సస్పెన్షన్‌ను జాకీ మోడ్‌లో (ఎత్తు దానంతట అది మారకుండా ఆపే సెట్టింగు) పెట్టి, స్టాండ్లు వేశాకే ఏ పనైనా. కుంగిన బండిని అలాగే నడపడం కూడా వద్దు, ఫెండర్ లోపలి లైనింగును టైరు తినేస్తుంది.

మామూలు స్ప్రింగుల సంగతి కొత్తది కాదు. 1957లో అమెరికాలో నాలుగు చక్రాలకూ గాలి తిత్తులతో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ వచ్చింది. లీకులతో విసిగి ఎంతోమంది యజమానులు ఉక్కు స్ప్రింగులకు మారారు. మీరూ మారవచ్చు. కాకపోతే కంట్రోల్ యూనిట్ ఊరుకోదు, దీపం వెలుగుతూనే ఉంటుంది, దాన్ని ఆర్పించడానికి వేరే ఖర్చు. ఇంటిల్లిపాదీ ఎక్కి సామాను పెడితే వెనక కుంగి హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలను చూస్తాయి. ఒక్క తిత్తితో పోయేదానికి నేనైతే ఆ పని చేయను.

ప్రశ్న: లోయర్ ఆర్మ్ మార్పించినప్పటి నుంచి నా కారు వెనక కుడి పక్క ఎత్తుగా నిలబడుతోంది. ఎక్కడా లీకు లేదంటున్నారు.
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

జవాబు: లీకుతో బండి ఎత్తు పెరగదమ్మా. చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే ఆ ఆర్మ్‌కూ బాడీకీ మధ్య వేలెడంత కడ్డీ ఉంటుంది. బండి ఎంత ఎత్తులో ఉందో సెన్సరుకు చెప్పేది అదే. ఆర్మ్ విప్పినప్పుడు అది విరిగి ఉంటుంది, లేదా తలకిందులుగా బిగించి ఉంటారు. సెన్సరు మాట నమ్మి, బండి కుంగిందనుకుని కంట్రోల్ యూనిట్ గాలి ఎక్కిస్తూ పోతోంది. ఎడమ పక్క కడ్డీ ఎలా ఉందో ఫోనులో ఫొటో తీసి, పక్కన పెట్టి చూపించండి. ఆర్మ్ మార్చినవారే ఉచితంగా సరిచేయాలి.

ప్రశ్న: మేడారం జాతరకు వెళ్లేటప్పుడు బండిని బాగా పైకి లేపి నడపవచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: పార్కింగు పొలాల్లో గట్లు దాటేటప్పుడు లేపుకోండి. ములుగు రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు చాలా బండ్లు వాటంతట అవే దిగుతాయి, దిగనివ్వండి. బండిని వాగు నీళ్లలోకి మాత్రం తీసుకెళ్లకండి. కొన్ని మోడళ్లలో కంప్రెసర్ బండి అడుగునే ఉంటుంది.