ముంపు ఊరి ఫోటోలు మసకగానే ఉండనివ్వండి

ప్రశ్న: మాది దేవీపట్నం మండలంలో పోలవరం ముంపు గ్రామం. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నాం. గోదావరి రేవు, రావిచెట్టు అరుగు, మా వీధి... ఇలా పాత ఊరి ఫోటోలను బంధువుల దగ్గర నుంచి వాట్సాప్‌లో తెప్పించుకుని, ఒక్కోదాని వెనక కథ రాసి ఫేస్‌బుక్‌లో పెడుతున్నాను. గ్యాలరీలో అన్నింటికీ ఈ ఏడాది తేదీలే కనిపిస్తున్నాయి. మసకగా ఉన్నాయని ఒక యాప్‌తో బాగుచేయిస్తే మనుషుల ముఖాలే మారిపోయాయి. ఏం చేయాలి?

జవాబు: పాత ఊరి ఫోటోలు పోగుచేసే వారందరిదీ ఇదే ఫిర్యాదు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించడమే కాదు, అందులో దాగి ఉన్న తేదీని, చోటు వివరాలను కూడా తీసేస్తుంది. హెచ్‌డీ ఎంచుకున్నా ఇదే పరిస్థితి. డాక్యుమెంట్‌గా పంపమనండి. అందగానే వివరాలు తెరిచి చూడండి. కొన్ని ఫోన్లు అప్పుడు కూడా చోటును దాచేస్తాయి. దగ్గరి బంధువులైతే ఫోను నుంచి కేబుల్‌తో నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం మేలు.

అసలు ఫోటో ఎవరి దగ్గరా లేకపోతే, మొదట అందుకున్న వారి ఆండ్రాయిడ్ ఫోనులో ఫైలు పేరు చదవమనండి. ‘ఐఎంజీ-20190725-డబ్ల్యూఏ0007’ అని ఉంటే అది 2019 జులై 25న ఆ ఫోనుకు చేరిందని అర్థం. తీసిన రోజు అది కాకపోవచ్చు, ఆ తర్వాత తీసింది మాత్రం కాదు. అంటే అందులో కనిపించే వీధి 2019 ఆగస్టు వరదకు ముందటిది. మీ ఊరి కథకు ఆ ఒక్క ఆధారం చాలా విలువైనది.

ముఖాలు మారిన ఫోటోలను దయచేసి పక్కన పెట్టేయండి. మసకలో పోయిన వివరాన్ని ఏ యాప్ కూడా వెనక్కి తేలేదు. తాను నేర్చుకున్న వేలాది ముఖాల నుంచి ఒకటి అల్లి అతికిస్తుంది. అరుగు మీద కూర్చున్నది మీ తాతగారు కాదు, ఎవరూ కాని ఒక మనిషి. ఊరే లేనప్పుడు అది తప్పని చెప్పేవారు రేపు ఎవరుంటారు? ఇలాంటి యాప్‌లను ‘పాత జ్ఞాపకాలకు ప్రాణం’ అంటూ అమ్మడం నాకు పచ్చి మోసంగా కనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా భయపెడుతున్నది వేరే ఉంది. ఆ యాప్ అడిగినప్పుడు గ్యాలరీ మొత్తానికి అనుమతి ఇచ్చారా? ముంపు కుటుంబాల ఫోన్లలో ఏముంటుందో ఒకసారి ఆలోచించండి. ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, ఇంటి పట్టా, ప్యాకేజీ కాగితాలు అన్నీ రావిచెట్టు ఫోటో పక్కనే ఉంటాయి. ఒక్క ఫోటో బాగుచేయడానికి వచ్చిన యాప్ అవన్నీ చదవగలదు, ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపగలదు. వెళ్లిన కాపీని మీరు వెనక్కి తెచ్చుకోలేరు. నష్టపరిహారం డబ్బు పడిన ఖాతా ఎవరిదో, ఏ బ్యాంకులో ఉందో తెలిసినవాడు అధికారినంటూ ఫోన్ చేస్తే నమ్మని పెద్దవాళ్లు ఎంతమంది? ఈరోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అనుమతిని తీసేయండి. కొత్త ఫోన్లలో ఎంచుకున్న ఫోటోలు మాత్రమే చూపే వీలుంది. కాగితాల ఫోటోలను గ్యాలరీ నుంచి తీసి లాక్ ఉన్న ఫోల్డర్‌లో దాచండి.

చోటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. భయపడి కెమెరాలో లొకేషన్‌ను శాశ్వతంగా ఆపేసేవారున్నారు. ఊరి ఫోటోకు అది తీరని నష్టం. నీళ్లు వచ్చాక రేవు ఎక్కడుండేదో చెప్పేది ఫోటోలో నమోదైన ఆ అక్షాంశ, రేఖాంశాల అంకెలే. అసలు ఫైల్లో చోటును ఉంచండి, బయటికిచ్చే కాపీలో తీసేయండి. ముఖ్యంగా ఇప్పుడుంటున్న ఇల్లు, పిల్లలు కనిపించే ఫోటోల్లో. ఫేస్‌బుక్ ఆ అంకెలను బయటివారికి చూపదు గానీ, డ్రైవ్‌లో లింకు ఉన్న ఎవరైనా చూసేలా అసలు ఫైళ్లు పంచితే లింకు దొరికిన ప్రతివారూ వాటిని చూడగలరు. పంపే ముందు చోటును తీసేసే ఇంత అవసరమైన మీటను షేర్ తెరలో ఏ మూలనో దాచిపెట్టిన కంపెనీలను ఏమనాలి?

ఇక మీరు రాసే కథలు. కొన్ని క్లౌడ్ గ్యాలరీల్లో రాసుకున్న వివరణ ఫోటోలోకి చేరదు, ఆ కంపెనీ ఖాతాలోనే ఉండిపోతుంది. ఫేస్‌బుక్ పోస్టులో రాసిందీ అంతే. ఫైలు పేరులోనే ఏడాది, ఊరు, చోటు రాయండి. పెద్దవాళ్లకు ఫోటో చూపించి వారు చెప్పేది రికార్డు చేసి, ఆ ఆడియోకు కూడా అదే పేరు పెట్టండి. రెండింటినీ హార్డ్ డిస్కులో ఒక కాపీ, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఇంకో కాపీ ఉంచండి.