యూరో ఒకటే, ఖజానాలు వేరు

వనస్థలిపురం నుంచి ఒక రిటైర్డ్ టీచరు గారు రాసిన ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది: "మా అబ్బాయి మూడేళ్లుగా మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 40 వేల యూరోలు కూడబెట్టాడు. అంతా సేవింగ్స్ ఖాతాలోనే ఉంది. ఇటలీ ప్రభుత్వ బాండ్లకు జర్మనీ బాండ్ల కంటే వడ్డీ ఎక్కువనీ, రెండూ యూరోలోనే కాబట్టి రిస్కు ఒకటేననీ వాడి రూమ్మేట్ చెప్పాడట. నాకేమో గ్రీసు గొడవప్పుడు టీవీలో చూసిన ఏటీఎం క్యూలు గుర్తొచ్చి టెన్షన్‌గా ఉంది. డబ్బంతా ఇక్కడికి పంపించెయ్యమంటున్నాను. ఫ్లాటు కూడా ఒకటి చూశాం. ఏం చెయ్యమంటారు?"

టీచరు గారూ, ముందు రూమ్మేట్ మాట సంగతి చూద్దాం. కరెన్సీ ఒకటైతే రిస్కు కూడా ఒకటేననుకోవడం తప్పు. ఎందుకు తప్పో మన హైదరాబాద్ కథతోనే చెప్తాను.

మా నానమ్మ ట్రంకుపెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న నాణేలు నాలుగైదు ఉండేవి. ఆవిడ చిన్నప్పుడు బజారులో ధర చెప్పగానే "హాలీయా, కల్దారా?" అని అడిగేవారట. హాలీ సిక్కా నిజాంది, కల్దార్ ఇంగ్లీషువాళ్లది. 7 హాలీ రూపాయలకు 6 ఇండియా రూపాయల లెక్కన మార్చుకుంటూ వచ్చి, 1959లో హాలీని పూర్తిగా ఆపేశారు. అప్పటికి హైదరాబాద్ ఇండియాలో కలిసి పదేళ్లు దాటింది. అంటే ముందు ఢిల్లీ ప్రభుత్వం, ఢిల్లీ ఖజానా వచ్చాయి, ఆ తర్వాతే పాత రూపాయి పోయింది. యూరప్‌వాళ్లు ఈ వరసను తిరగేశారు. 1999లో యూరో మొదలుపెట్టారు, 2002లో నోట్లు జనం చేతికొచ్చాయి, ఇప్పుడు 21 దేశాలు వాడుతున్నాయి. మనకున్నట్టు ఒక పెద్ద ఉమ్మడి ఖజానా మాత్రం ఇప్పటికీ లేదు.

అది లేకపోతే ఏమవుతుందో మన దగ్గరి లెక్కతోనే చూద్దాం. ముంబైలో రిజర్వు బ్యాంకు పెట్టిన వడ్డీ రేటు పాలమూరుకీ అదే, సూరత్‌కీ అదే. పాలమూరులో వానలు పడలేదని వాళ్లకోసం రేటు తగ్గించరు. మరి పాలమూరు కరువు ఏళ్లను ఎలా నెట్టుకొచ్చింది? కూలీలు మూటాముల్లె సర్దుకుని ముంబైకి, పుణెకి, హైదరాబాద్‌కి బస్సెక్కారు. ఢిల్లీ నుంచి రేషను బియ్యం, ఉపాధి హామీ డబ్బు, పన్నుల్లో వాటా వచ్చాయి. రాబర్ట్ ముండెల్ అనే ఆర్థికవేత్త 1961లో చెప్పింది ఇంచుమించు ఇదే: ఒకే కరెన్సీ వాడే ప్రాంతాల మధ్య మనుషులు పని కోసం సులువుగా కదలగలగాలి. ఉమ్మడి ఖజానా మాట తర్వాత ఇంకొకరు కలిపారు. ఏథెన్స్‌లో పని పోయినవాడు మ్యూనిక్ వెళ్లడానికి చట్టం అడ్డు రాదు, భాష అడ్డొస్తుంది. అదెంత తలనొప్పో మీ అబ్బాయిని అడగండి. ఇక డబ్బు సంగతంటారా, మన కేంద్ర బడ్జెట్ జీడీపీలో దాదాపు ఏడో వంతు. యూరోపియన్ యూనియన్ బడ్జెట్ అక్కడి ఆదాయంలో 1 శాతం దగ్గరే ఆగుతుంది.

2022 ఆగస్టులో, యూరో వాడే ఎస్టోనియాలో ధరలు ఏడాది తిరిగేసరికి 25 శాతం పెరిగాయి. ఫ్రాన్స్‌లో 7 శాతం కూడా లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఈసీబీ, అంటే వాళ్ల సెంట్రల్ బ్యాంకు, ఇద్దరికీ ఒకే రేటు పెట్టింది. ఇంకేం చెయ్యగలదు?

ఇప్పుడు బాండ్ల దగ్గరికొద్దాం. బాండంటే ప్రభుత్వం తీసుకున్న అప్పుకి రాసిచ్చే కాగితం. తెలంగాణ ప్రభుత్వం తీసుకునే అప్పుకీ గుజరాత్ తీసుకునే అప్పుకీ వడ్డీలో తేడా చాలా స్వల్పం. వెనకాల కేంద్రం, రిజర్వు బ్యాంకు ఉన్నాయని కొనేవాళ్ల ధీమా. యూరప్‌లో ఒక దేశం అప్పును ఇంకో దేశం నెత్తిన వేసుకోకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఇటలీ అప్పు ఇటలీదే. 2011 నవంబరులో ఆ దేశపు పదేళ్ల బాండు వడ్డీ 7 శాతం దాటింది, జర్మనీది 2 శాతం దగ్గరుంది. 2012 జులైలో అప్పటి ఈసీబీ అధ్యక్షుడు మారియో ద్రాగీ, యూరోను కాపాడటానికి ఎంతదూరమైనా వెళ్తామని లండన్‌లో ఒక్క మాట అన్నారు. ఆ తర్వాత కష్టాల్లో ఉన్న దేశాల బాండ్లు కొనే పథకం ఒకటి ప్రకటించారు. దాని కింద ఒక్క యూరో కూడా ఖర్చు కాలేదు, వడ్డీలు మాత్రం దిగొచ్చాయి. నా మటుకు నాకు సెంట్రల్ బ్యాంకుల చరిత్రలో ఇంత చవగ్గా అయిన పని ఇంకొకటి కనపడదు. అయితే గ్రీసు బాండ్లు పట్టుకున్న ప్రైవేటు మదుపరులు అదే ఏడాది మార్చిలో ముఖవిలువలో, అంటే బాండు మీద రాసిన మొత్తంలో, సగానికి పైగా వదులుకున్నారు. అవీ యూరో బాండ్లే.

కాబట్టి ఇటలీ బాండుకు వచ్చే ఆ అదనపు వడ్డీ ఊరికే ఇచ్చేది కాదు. ఇటలీ రేపో మాపో ఎగ్గొడుతుందని నేననను. అసలు చిక్కు మధ్యలో అమ్మాల్సి వస్తే. పదేళ్ల బాండు కొన్నాక మార్కెట్ వడ్డీ ఒక శాతం పెరిగితే దాని ధర సుమారు 8 శాతం పడిపోతుంది. రెండు మూడేళ్లలో ఫ్లాటుకో పెళ్లికో కావాల్సిన డబ్బును అందులో పెట్టకూడదు. మోజు తీరాలంటే 4 వేల యూరోలకు మించకుండా, రెండేళ్లలోపు తీరే బాండ్లు చాలు.

మీ భయం సంగతి. 2015లో ఏటీఎంలలో రోజుకి 60 యూరోలే ఇచ్చింది గ్రీసు బ్యాంకులు. మ్యూనిక్ ఖాతాలవాళ్లకు ఆ బాధ తగల్లేదు. యూరోపియన్ యూనియన్‌లో ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకి లక్ష యూరోల దాకా గ్యారంటీ ఉంటుంది. అది కూడా ఏ దేశానిది ఆ దేశమే, ఉమ్మడి గ్యారంటీ 2015 నుంచీ ప్రతిపాదనగానే ఉంది. మీవాడి ఖాతా జర్మనీ బ్యాంకుదైతే దిగుల్లేదు. మన దగ్గర డిపాజిట్ ఇన్సూరెన్సు 5 లక్షల రూపాయలకే. భయంతో ఇక్కడికి తెప్పిస్తే ఆ రక్షణ పెరగదు, తగ్గుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. 2022 సెప్టెంబరులో యూరో 80 రూపాయల లోపుంది, 2025 సెప్టెంబరుకి 100 దాటింది. 2022లోనే 40 వేలు ఒకేసారి మార్చుకున్నవాడికి మారకంలోనే 8 లక్షల పైన తేడా పడింది. రేపు ఇది ఎటు పోతుందో చెప్పే మొనగాణ్ణి నేను కాను. అందుకే పంపేదేదైనా నాలుగైదు విడతల్లో పంపమంటాను.

నేనైతే ఇలా సర్దుతాను: ఆరు నెలల ఖర్చు, ఓ 12 వేలు, మ్యూనిక్‌లోనే కదపకుండా. ఈసీబీ డిపాజిట్ రేటు, అంటే బ్యాంకులకు అది ఇచ్చే వడ్డీ, 2023లో 4 శాతం, 2025 జూన్‌కి 2 శాతం. సేవింగ్స్ ఖాతాలో చాలా చోట్ల అంత కూడా ఇవ్వరు గనక ఇంకో 10 వేలు ఫిక్స్‌డ్‌లో వేయించండి. మిగతాది ఇండియాకే రావాలంటే ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్ ఉంది, అంటే ఎన్నారైలు ఇక్కడి బ్యాంకులో విదేశీ కరెన్సీలోనే దాచుకునేది. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా యూరోల్లోనే ఉంటుంది, ఎన్నారైగా ఉన్నన్నాళ్లూ వడ్డీకి ఇక్కడ టాక్స్ లేదు. ఏడాదిలోపు తీస్తే వడ్డీ రాదు. జర్మనీలో ఉంటున్నాడు కాబట్టి ఈ వడ్డీని అక్కడి రిటర్నులో చూపించాల్సిందే, చాలామంది ఇది మర్చిపోతారు.

ఫ్లాటు మాట చివరికి ఉంచాను. మీ ఉత్తరంలో మీరు చూశారని ఉంది, అబ్బాయికి కావాలని ఎక్కడా లేదు. బిల్డరుకి అడ్వాన్సు ఇచ్చేముందు వాడికి ఫోన్ చేసి, తిరిగొచ్చే ఆలోచన ఉందా, ఉంటే ఎన్నేళ్లకో అడగండి. ఆ జవాబు నాకు రాస్తే మిగతా లెక్క వేద్దాం.